రీడర్ ఖాతా తెరుచుకోనన్నప్పుడు: నా అనుభవం

మా శాఖా గ్రంథాలయంలో పాఠకుల కోసం ఎనిమిది కంప్యూటర్లు ఉన్నాయి. అన్నీ విండోస్ 10వే. ప్రతిదానిలోనూ రెండు ఖాతాలు ఉంటాయి. ఒకటి నా చేతిలో ఉండే అడ్మినిస్ట్రేటర్ ఖాతా. రెండోది పాఠకులు వాడుకునే 'రీడర్' ఖాతా. ఇది స్టాండర్డ్ రకం, అంటే ఎక్స్‌పీ రోజుల్లో లిమిటెడ్ అని పిలిచిన పరిమిత ఖాతా. దీనితో బ్రౌజర్ తెరవవచ్చు, హాల్ టికెట్ దించుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. అందరికీ వర్తించే సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, గడియారం మార్చడం, మరొకరి ఫోల్డర్‌లో తలదూర్చడం మాత్రం కుదరవు.

ఇంత కట్టడి ఎందుకని అడిగేవాళ్లకు నా జవాబు ఒక్కటే: ఫోటో సైజు తగ్గించే సాఫ్ట్‌వేర్. ఉద్యోగ దరఖాస్తులో ఫోటో 50 కేబీ దాటకూడదంటారు. కుర్రవాడు గూగుల్‌లో వెతుకుతాడు, మొదట కనిపించిన పచ్చ బటన్ నొక్కుతాడు. ఆ ఫోటో సంగతేమో గాని, ఆ తరువాత కూర్చున్న ప్రతివారికీ బ్రౌజర్ నిండా ప్రకటనలే. అందరికీ అడ్మిన్ ఖాతా ఇచ్చిన కాలంలో ఇది మాకు నిత్యకృత్యం.

మూడు నెలలకోసారి రీడర్ ఖాతాను దాని ఫోల్డర్‌తో సహా తీసేసి, అదే పేరుతో కొత్తది చేస్తాను. జనం మరచిపోయి వెళ్లిన ఆధార్ కాపీలు, మార్కుల జాబితాలు, తెరిచి వదిలేసిన మెయిళ్లు అన్నీ దానితోపాటే పోతాయి. విండోస్ 10లో గెస్ట్ ఖాతా వాడుకకు లేకుండా పోయాక మాలాంటి చోట్ల చేయగలిగింది ఇదే. మొన్న జూలైలో అలాగే కొత్త ఖాతాలు చేసి తాళం వేసి వెళ్లాను. మరునాడు ఉదయం ఎనిమిదికి డీఎస్సీకి చదువుకునే పిల్లలు వచ్చి వరుసగా కూర్చున్నారు, కాసేపటికే వరుసగా లేచి నా బల్ల దగ్గరకు వచ్చారు.

"మేడమ్, లాగిన్ అవడం లేదు."

అందరి నోటా ఒకే మాట. లేచి వెళ్లి చూస్తే తెరల మీద మాత్రం ఒకే మాట లేదు. ఒక కంప్యూటర్ పాస్‌వర్డ్ తప్పు అంటోంది. ఇంకొకటి ఈ సమయంలో మీకు అనుమతి లేదంటోంది. మరో మూడు, యూజర్ ప్రొఫైల్ సర్వీస్ లాగిన్ చేయించలేకపోయింది, ప్రొఫైల్ (అంటే ఆ ఖాతా సొంత ఫోల్డర్, సెట్టింగులు) లోడ్ కావడం లేదు అంటున్నాయి. మిగిలిన మూడూ హాయిగా పనిచేస్తున్నాయి. లాగిన్ కావడం లేదన్న ఫిర్యాదు విన్నప్పుడు నేను మొదట అడిగేది తెర మీద ఏముందో అక్షరం పొల్లుపోకుండా చదవమని. పాఠకులు చదవరు, సరే అని నొక్కేసి వచ్చేస్తారు. అందుకే ఫోన్‌లో ఫోటో తీసి తెమ్మంటాను.

పాస్‌వర్డ్ తప్పు అన్నదాని కథ చిన్నది. ఆ కంప్యూటర్ మీద ఒక విశ్రాంత పంతులుగారు తెలుగులో వ్యాసాలు టైపు చేసుకుంటారు. ఆయన కోసం తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టించాం. లాగిన్ తెర మీద కూడా అదే కీబోర్డు ఎంపికై ఉంది. పాస్‌వర్డ్ గడిలో చుక్కలు తప్ప ఏమీ కనబడవు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. గడి చివర ఉండే కన్ను గుర్తు నొక్కి పట్టుకుంటే లోపల తెలుగు అక్షరాలు బారులు తీరి ఉన్నాయి. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే కీబోర్డు ఇంగ్లీషుకు మారింది, ఖాతా తెరుచుకుంది. తెరకు కుడివైపు అడుగున ఏ భాష ఉందో చిన్న అక్షరాల్లో చూపిస్తూనే ఉంటుంది. తెలుగు కీబోర్డు ఉన్న ప్రతి కంప్యూటర్ దగ్గరా ఇప్పుడు ఆ రెండు మీటల సంగతి చీటీ మీద రాసి అంటించాను.

సమయం సంగతి అంతకన్నా తమాషాగా ఉంటుంది. ఈసారి రీడర్ ఖాతాలకు కొత్తగా వేళలు పెట్టాను. గ్రంథాలయం మూసిన తరువాత ఎవరో కూర్చుని సినిమాలు చూస్తున్నారన్న అనుమానం ఉండేది. ఎవరన్నది ఇక్కడ అనవసరం. కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్ యూజర్ అనే ఆదేశానికి ఖాతా పేరు, వారంలోని రోజులు, గంటలు చేర్చి ఇస్తే, ఆ గంటల్లో తప్ప ఆ ఖాతా తెరుచుకోదు. పూర్తి గంటలే ఇవ్వాలి, అరగంటలు ఒప్పుకోదు. మా వేళలు ఉదయం ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు, శుక్రవారం సెలవు కాబట్టి చిక్కులేదు. ఏడు కంప్యూటర్లు ఆ వేళలను బుద్ధిగా పాటించాయి. ఎనిమిదోది మాత్రం పట్టపగలు, మీ ఖాతాకు సమయ పరిమితి ఉంది, తరువాత ప్రయత్నించండి అంటోంది. నా అడ్మిన్ ఖాతా దానిలో మామూలుగా తెరుచుకుంటోంది. దానికి వేళలు పెట్టలేదు మరి.

లాక్ తెర మీద పెద్ద అంకెల్లో గడియారం ఉంటుంది. రోజూ చూసేది కనుక ఎవరూ దాన్ని చూడరు. అర్ధరాత్రి దాటి కొన్ని నిమిషాలయిందని, తేదీ ఎన్నో ఏళ్ల కిందటి జనవరి 1 అని చూపిస్తోంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్ 2032 అంటారు, 3 వోల్టులది. కరెంటు లేనప్పుడు కంప్యూటర్ గడియారం నడిచేది దానితోనే. అది ఎప్పుడో చచ్చిపోయింది. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ ఆ లోటు బయటపడదు, ఎందుకంటే కంప్యూటర్ ఆపేసినా పవర్ సప్లై నుంచి కొద్దిపాటి కరెంటు బోర్డుకు అందుతూనే ఉంటుంది. మా అటెండర్ రాత్రి వెళ్లేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపుతాడు. అది అతని డ్యూటీ. ఆపిన ప్రతి రాత్రీ ఆ కంప్యూటర్ తన పుట్టినరోజుకు వెళ్లిపోయేది.

నెట్ ఉంది కదా, సమయం తనే సరిచేసుకోవాలి కదా అని నాకూ అనిపించింది. విండోస్ సమయ సేవకు ఒక హద్దు ఉంది. ఏ డొమైన్‌లోనూ (ఒకే సర్వర్ అజమాయిషీలో ఉండే కంప్యూటర్ల బృందంలో) లేని కంప్యూటర్లలో తేడా 15 గంటలు మించితే అది తనంతట తాను దిద్దదు. అంత పెద్ద తేడా వచ్చిందంటే నెట్‌లో వచ్చిన సమయమే తప్పు కావచ్చునని దాని జాగ్రత్త. ఇక్కడి తేడా గంటల్లో కాదు, సంవత్సరాల్లో. కొన్ని వారాలుగా ఆ కంప్యూటర్ మీద, ఏ వెబ్‌సైట్ తెరిచినా కనెక్షన్ సురక్షితం కాదంటోంది అని పాఠకులు చెబుతూనే ఉన్నారు. దాని మూలమూ ఇదే: వెబ్‌సైట్ల సర్టిఫికెట్లకు మొదటి తేదీ, చివరి తేదీ ఉంటాయి. ఏళ్ల కిందటి తేదీలో ఉన్న కంప్యూటర్‌కు ఆ సర్టిఫికెట్లన్నీ ఇంకా పుట్టనట్టే లెక్క. వీధి చివరి వాచీల దుకాణంలో ఆ బ్యాటరీ దొరికింది. వేసి, విండోస్ కన్నా ముందు తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లో తేదీ సరిచేశాక రెండు ఫిర్యాదులూ ఒకేసారి తీరాయి.

అసలు పని మిగిలిన మూడింటితో పడింది.

వాటిలో రీడర్ అని నొక్కి పాస్‌వర్డ్ ఇస్తే, స్వాగతం అన్న మాట కాసేపు తిరుగుతుంది. తరువాత ప్రొఫైల్ లోడ్ కాలేదన్న నీలి తెర, కింద సరే అన్న బటన్. నొక్కితే మళ్లీ లాగిన్ తెర. నా ఖాతా నిక్షేపంగా తెరుచుకుంటోంది. మాకు కంప్యూటర్లు చూసిపెట్టే కుర్రవాడికి ఫోన్ చేశాను. మర్యాదస్తుడు, పనిలో చురుకైనవాడు.

"మేడమ్, రీడర్‌ను అడ్మిన్ చేసేయండి. పనైపోతుంది" అన్నాడు.

"చేస్తే తెరుచుకుంటుందని ఎలా తెలుసు తమ్ముడూ?"

"చాలా చోట్ల అలాగే చేశానండీ."

నేను రీడర్‌ను కదపలేదు. పరీక్ష కోసం రెండు కొత్త ఖాతాలు చేశాను, ఒకటి అడ్మిన్ రకం, రెండోది స్టాండర్డ్. అడ్మిన్ రకం మొదటిసారికే తెరుచుకుంది, స్టాండర్డ్‌ది ఆ నీలి తెరకే వెళ్లి ఆగింది. కుర్రవాడి మాట నిజమే. అయితే నాకు అది మందులా కాక ఆధారంలా కనబడింది. పాస్‌వర్డ్ కాదు, డిస్కు కాదు, విండోస్ పాడవడం కాదు. దారిలో ఎక్కడో ఒక చోట అడ్మిన్‌కు ఉన్న హక్కు మామూలు ఖాతాకు లేదు. ఆ చోటు ఏదో తెలియాలి.

అతను ఇంకో చిట్కా కూడా చెప్పాడు: ఒక్కసారి అడ్మిన్‌గా మార్చి లాగిన్ చేయించి, లోపలికి వెళ్లాక మళ్లీ స్టాండర్డ్‌కు దించేయడం. ఇదీ పనిచేస్తుంది, పరీక్ష ఖాతాతో చేసి చూశాను. ఆ రోజు పిల్లలు కూర్చోవడానికి అలా చేసి ఇచ్చి ఉంటే గొడవ లేకుండా పోయేదని మా అటెండర్ ఇప్పటికీ అంటాడు. ఆ చిట్కాతో ఖాతా తెరుచుకుంటుంది కాని, తప్పు అక్కడే ఉండిపోతుంది. అక్టోబరులో మళ్లీ కొత్త ఖాతా చేసినప్పుడు అదే తెర వస్తుంది, అప్పటికి ఎందుకు వచ్చిందో ఎవరికీ గుర్తుండదు. ఎవరో ఒకరు రీడర్‌ను అడ్మిన్‌గానే వదిలేస్తారు. మళ్లీ ఫోటో సాఫ్ట్‌వేర్లు.

ఇలాంటప్పుడు నాకు నమ్మకమైన చోటు ఈవెంట్ వ్యూయర్, అంటే విండోస్‌లో జరిగేవి నమోదయ్యే చిట్టాలను చూపే పరికరం. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేస్తే వచ్చే జాబితాలోనే ఉంటుంది, అయినా చాలామంది దాని మొహం చూడరు. ముందుగా సెక్యూరిటీ చిట్టా తెరిచాను. లాగిన్ విజయవంతమైతే అక్కడ 4624 అంకెతో ఒక నమోదు పడుతుంది, విఫలమైతే 4625. 4624లు వందల్లో ఉంటాయి, ఎందుకంటే విండోస్ లోపలి సేవలు కూడా లాగిన్ అవుతుంటాయి. వాటి రకం 5. మనిషి కంప్యూటర్ ముందు కూర్చుని చేసిన లాగిన్ రకం 2. రీడర్ పేరుతో, రకం 2తో, పొద్దున పిల్లలు ప్రయత్నించిన సమయానికే 4624 కనబడింది. అంటే పాస్‌వర్డ్ సరిపోయింది, విండోస్ ఆ మనిషిని గుర్తుపట్టింది. ఆగిపోయింది ఆ తరువాతి అడుగులో.

ఆ తరువాతి అడుగు ఏమిటో తెలిస్తే మిగతా కథ సులువు. ఒక ఖాతా మొట్టమొదటిసారి తెరిచినప్పుడు విండోస్ దానికి యూజర్స్ ఫోల్డర్‌లో ఒక ఫోల్డర్ కడుతుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, ఆ ఖాతా సెట్టింగులు ఉండే ఎన్‌టీయూజర్ డాట్ డ్యాట్ ఫైలు అన్నీ అందులోకి చేరాలి. ఇవన్నీ గాలిలోంచి రావు. అదే యూజర్స్‌లో డిఫాల్ట్ అని ఒక దాచిన ఫోల్డర్ ఉంటుంది. అది నమూనా. కొత్త ఖాతా మొదటి లాగిన్‌లో ఆ నమూనా మొత్తం ఒక్కో ఫైలూ కాపీ అవుతుంది. ఆ కాపీ కొత్తగా వస్తున్న ఖాతా హక్కులతోనే జరుగుతుంది. నమూనాలో ఒక్క ఫైలును ఆ ఖాతా చదవలేకపోయినా పని అక్కడే ఆగిపోవచ్చు, ప్రొఫైల్ లోడ్ కాలేదన్న తెర రావచ్చు. ఒకసారి ప్రొఫైల్ తయారయ్యాక డిఫాల్ట్‌తో పనే లేదు. అందుకే పాత ఖాతాలు ఏళ్ల తరబడి నడుస్తుంటే కొత్తది మాత్రం మొండికేస్తుంది.

ఇది నాకు అనుమానంగా ఉంది కాని రుజువు కావాలి. ఈలోగా డిగ్రీ చదివే ఒక అబ్బాయి తన ఫోన్‌లో వీడియో చూపించాడు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీని ఎడిటర్‌లో తెరిచి, ప్రొఫైల్‌లిస్ట్ అన్న చోటుకు వెళ్లి, చివర బ్యాక్ అని ఉన్న పేరును మార్చి, స్టేట్, రెఫ్‌కౌంట్ అన్న విలువలను సున్నా చేయమని అందులో ఉంది. ఈ సలహా ఉత్తదేమీ కాదు. ప్రతి ఖాతాకు ఎస్-1-5-21తో మొదలయ్యే పొడవాటి గుర్తింపు అంకె ఒకటి ఉంటుంది. ఏ అంకెకు ఏ ఫోల్డర్ అన్నది ప్రొఫైల్‌లిస్ట్‌లో రాసి ఉంటుంది. ఉన్న ప్రొఫైల్ తెరవలేక విండోస్ తాత్కాలికమైనది ఇచ్చినప్పుడు, పాత నమోదు చివర బ్యాక్ చేర్చి పక్కన పెడుతుంది. అప్పుడు ఆ వీడియో చెప్పింది చేస్తే పాత ఫోల్డర్ తిరిగి చేతికి రావచ్చు. మా దగ్గర చూస్తే బ్యాక్ అన్న పేరే లేదు. ఇంకా పుట్టని ప్రొఫైల్‌కు పాత నమోదు ఎక్కడిది? "ఇది వేరే జబ్బుకు మందు" అని ఆ అబ్బాయికి చెప్పాను. కాస్త చిన్నబుచ్చుకున్నాడు కాని, తరువాతి పనంతా నా పక్కనే నిలబడి చూశాడు. రిజిస్ట్రీలో ఏమీ మార్చకుండా బయటికి వచ్చాను. అక్కడ చూడటం తప్పుకాదు, ఎందుకో తెలియకుండా దిద్దడమే ప్రమాదం.

తరువాత అప్లికేషన్ చిట్టా. మూలం అన్న వరుసలో యూజర్ ప్రొఫైల్ సర్వీస్ అని ఉన్నవాటిని మాత్రం వడగట్టాను. ప్రొఫైల్ లోడ్ కాలేదన్న 1500 కనబడింది, అది తెర మీద చెప్పిందే మళ్లీ చెప్పింది. దాని ముందున్న 1509 మాత్రం పేరుతో సహా చెప్పింది: డిఫాల్ట్‌లోని డెస్క్‌టాప్‌లో ఉన్న ఫలానా పీడీఎఫ్‌ను రీడర్ డెస్క్‌టాప్‌కు కాపీ చేయలేకపోయాను, కారణం అనుమతి నిరాకరణ. పొద్దుటి నుంచి మేమంతా లాగిన్, ఖాతా, పాస్‌వర్డ్ అంటున్నాం. తీరా చూస్తే అడ్డుపడింది పోటీ పరీక్షల సిలబస్ పీడీఎఫ్. చదువుకునే పిల్లల కోసం ఎవరో ప్రేమగా పెట్టిన ఫైలు.

దాచిన ఫోల్డర్లు కనిపించేలా మార్చి డిఫాల్ట్‌లోకి వెళ్లాను. డెస్క్‌టాప్‌లో సిలబస్‌లు అన్న ఫోల్డర్ ఉంది. దాని మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ. సిస్టమ్ ఉంది, అడ్మినిస్ట్రేటర్లు ఉన్నారు, కుర్రవాడు సర్వీసుకు వాడే ఖాతా పేరు ఉంది. అంతే. ఆ పక్కనే ఉన్న మామూలు ఫోల్డర్లలో యూజర్స్ అన్న బృందానికి చదివే హక్కు ఉంది, దీనికి లేదు. ఈ ఫోల్డర్ ఎవరిదో దాని అనుమతులే చెబుతున్నాయి.

మళ్లీ ఫోన్. ఈసారి కుర్రవాడే కాస్త ఆలోచించి చెప్పాడు. మేలో ఈ మూడింటికీ ఎస్ఎస్‌డీలు (వేగంగా పనిచేసే డిస్కులు) వేసినప్పుడు ఒకదాన్ని పూర్తిగా సిద్ధం చేసి, దాన్ని మిగతా రెండింటికి క్లోన్ చేశాడట, అంటే ఉన్నదున్నట్టు నకలు దించాడట. అప్పటికే తెరిచిన రీడర్ డెస్క్‌టాప్ మీద సిలబస్‌లు విడిగా కాపీ చేశాడు. ముందుముందు చేసే ఖాతాలకు కూడా అవి రావాలని తన డెస్క్‌టాప్ మీది ఫోల్డర్‌ను కట్ చేసి డిఫాల్ట్‌లో పేస్ట్ చేశాడు. అతని ఆలోచన సరైనదే. చేతిపని దగ్గరే తేడా వచ్చింది.

విండోస్ మామూలుగా వాడే ఎన్‌టీఎఫ్ఎస్ రకం డ్రైవ్‌లో కాపీకీ కట్‌కూ తేడా ఉంది. కాపీ చేస్తే కొత్త ఫైలు పుడుతుంది, అది చేరిన ఫోల్డర్ అనుమతులనే తెచ్చుకుంటుంది. అదే డ్రైవ్‌లో కట్ చేసి పేస్ట్ చేస్తే కొత్త ఫైలేమీ పుట్టదు, ఉన్నదాని చిరునామా మారుతుంది. ఇల్లు మారినా పాత తాళమే వేసుకుని వెళ్లినట్టు, పాత చోటి అనుమతులు దానితోనే వస్తాయి. కుర్రవాడి డెస్క్‌టాప్ అతని సొంతం, అక్కడ ఇతరులకు చదివే హక్కు ఉండదు, ఉండకూడదు కూడా. ఆ హక్కులతోనే ఫోల్డర్ డిఫాల్ట్‌లోకి వచ్చి కూర్చుంది. అడ్మిన్ ఖాతా మొదటి లాగిన్‌లో దాన్ని చదవగలిగింది, కాపీ పూర్తయింది. స్టాండర్డ్ ఖాతా చదవలేక వెనక్కి తిరిగింది. ఇంకో విచిత్రం ఏమిటంటే, అవే పీడీఎఫ్‌లను అతను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి నేరుగా డిఫాల్ట్‌లో పెట్టి ఉంటే ఏ గొడవా వచ్చేది కాదు. వేరే డ్రైవ్ నుంచి వచ్చినవి ఎలాగూ కొత్త ఫైళ్లే అవుతాయి కాబట్టి ఆ ఫోల్డర్ అనుమతులనే పుచ్చుకుంటాయి.

మే నుంచి జూలై దాకా ఎందుకు బయటపడలేదన్నదీ దీనితో తేలిపోయింది. పాత రీడర్ ప్రొఫైల్ అప్పటికే కట్టి ఉంది. నేను దాన్ని తీసేసి కొత్తది చేసేదాకా డిఫాల్ట్ జోలికి ఎవరూ వెళ్లలేదు. బాగున్న మూడు కంప్యూటర్లు, ముందు చెప్పిన రెండూ అతని చేతికి వెళ్లనివి.

సరిచేయడానికి పట్టిన సమయం, వెతకడానికి పట్టిన దానిలో పిసరంత. సిలబస్‌లు ఫోల్డర్ మీద ఐకాకిల్స్ అనే ఆదేశాన్ని రీసెట్ అన్న మాటతో, లోపలి ఫైళ్లన్నిటికీ వర్తించేలా ఇచ్చాను. అది విడి అనుమతులను చెరిపేసి, పై ఫోల్డర్‌వి కిందికి దిగేలా చేస్తుంది. ఆదేశాలంటే భయపడేవాళ్లు సెక్యూరిటీలో అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి, లోపలివాటి అనుమతులన్నిటినీ ఈ ఫోల్డర్‌వాటితో మార్చు అన్న గడిలో టిక్ పెట్టవచ్చు. అయితే ఆ ఫోల్డర్‌కే హక్కు లేనప్పుడు దాని పైనున్న డెస్క్‌టాప్ ఫోల్డర్ నుంచి మొదలుపెట్టాలి. డిఫాల్ట్ మొత్తానికి రీసెట్ ఇవ్వమని కొందరు చెబుతారు. చిట్టా ఒక ఫోల్డర్ పేరు స్పష్టంగా చెప్పినప్పుడు మొత్తాన్ని కెలకడం నాకు ఇష్టం ఉండదు. మరి ఇంకెక్కడైనా ఇలాంటిది దాగి ఉంటే? ఉంటే తరువాతి లాగిన్‌లో ఇంకో 1509 దాని పేరు కూడా చెబుతుంది. మా దగ్గర చెప్పలేదు.

మళ్లీ లాగిన్ చేసే ముందు ఒక శుభ్రత పని ఉంది. విఫలమైన ప్రయత్నాలు యూజర్స్‌లో సగం కట్టిన ఫోల్డర్లు వదిలిపెడతాయి. వాటిని అలాగే ఉంచి అదే పేరుతో కొత్త ఖాతా చేస్తే, విండోస్ కొత్త ఫోల్డర్ పేరుకు కంప్యూటర్ పేరు తగిలిస్తుంది, అదీ ఉంటే చివర మూడు అంకెలు చేరుస్తుంది. పేరు రీడరే అయినా గుర్తింపు అంకె కొత్తది. పాత ఫోల్డర్ ఈ కొత్త రీడర్‌ది కాదు. అందుకని పరీక్ష ఖాతాలను, చెడిపోయిన రీడర్‌ను తీసేసి, సిస్టమ్ సెట్టింగుల్లో యూజర్ ప్రొఫైళ్ల జాబితా తెరిచి, యజమాని ఎవరో తెలియని ఖాతా అని కనిపించినవాటిని అక్కడి నుంచే తొలగించాను. ఫోల్డర్‌ను మాత్రమే చేత్తో తీసేస్తే ప్రొఫైల్‌లిస్ట్‌లో దాని నమోదు మిగిలిపోతుంది, అది ఇంకో రోజు ఇంకో రకం గొడవ తెస్తుంది. ఆ జాబితా నుంచి తీస్తే రెండూ పోతాయి.

కొత్త రీడర్‌ను స్టాండర్డ్‌గానే చేసి పాస్‌వర్డ్ ఇచ్చాను. స్వాగతం అన్న మాట తిరిగింది, తెర రంగులు మారుతూ అన్నీ సిద్ధం చేస్తున్నాం అంది, డెస్క్‌టాప్ వచ్చింది, దాని మీద సిలబస్‌లు కూడా వచ్చాయి. మిగతా రెండింటిలోనూ అంతే. సాయంత్రం నాలుగుకు తలుపులు తీసేసరికి ఎనిమిదీ సిద్ధంగా ఉన్నాయి.

కుర్రవాడు ఆ వారం చివర వేరే పని మీద వచ్చినప్పుడు ఆ 1509 నమోదు చూపించాను. శ్రద్ధగా చదివాడు. "మరి అందరికీ కనిపించేలా ఫైళ్లు ఎక్కడ పెట్టాలండీ?" అని అడిగాడు. యూజర్స్‌లోనే పబ్లిక్ అన్న ఫోల్డర్ ఉంది, అందులో పబ్లిక్ డెస్క్‌టాప్ అని దాచిన ఫోల్డర్ ఒకటి. దానిలో పెట్టినవి ఏ ఖాతా తెరిచినా డెస్క్‌టాప్ మీద కనబడతాయి. ఒక్క చోట పెడితే చాలు, ప్రతి కొత్త ఖాతాకూ కాపీ అవనక్కరలేదు, సిలబస్ మారినప్పుడు ఒక్క చోట మారిస్తే సరిపోతుంది. అక్కడ కూడా కాపీయే చేయాలి. కట్ చేసి పెడితే రీడర్ లోపలికైతే వెళ్తాడు కాని ఫైలు తెరుచుకోదు. అతనే దగ్గరుండి అన్ని కంప్యూటర్లలోనూ అలా మార్చాడు, డిఫాల్ట్‌లోని సిలబస్‌లు తీసేశాడు.

ఇప్పుడు వస్తున్న ఫిర్యాదు ఒకటే. డెస్క్‌టాప్ మీది ఆ ఫోల్డర్‌ను తొలగించబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోందట. అడగాలనే అక్కడ పెట్టామని చెప్పి పంపిస్తున్నాను.